మహేశ్వరి చెప్పిన రేటు

కుళాయి కింద బిందె సగం నిండిందో లేదో, వీధి మొదట్లోంచే త్రినాథరావు కేకలేసుకుంటూ వచ్చాడు.

"మహేసూ! మన కంపెనీ షేరు ఏటైపోయిందో తెల్సా? మొన్నటిదాకా ముప్పై ఎనిమిది. ఇయ్యాల యాభై దాటీసింది!"

కుళాయి దగ్గరున్న ఆడవాళ్ళందరూ వెనక్కి తిరిగారు. మహేశ్వరి బిందె మీద చెయ్యి తియ్యకుండానే, "మన కంపెనీ కాదండీ. నా కంపెనీ" అంది.

అందరూ నవ్వారు. త్రినాథరావు కూడా నవ్వేశాడు. కాదనడానికి లేదు మరి.

తొంభై అయిదులో త్రినాథరావు పోర్టులో లారీ కాటా దగ్గర గుమస్తా. ఎండలో నిలబడి ఒక్కో లారీ బరువూ చూసి చేత్తో రాసుకునేవాడు. ఒకరోజు గురునాథరావు అనే ఇంజినీరు పెందుర్తి నుంచి ఒక పెట్టె తెచ్చి కాటాకి బిగించాడు. లారీ ఎక్కిందంటే చాలు, ఆ పెట్టె బరువు చూసుకుని రసీదు దానంతటదే కొట్టి చేతికిచ్చేది. త్రినాథరావుకి అది దేవుడిచ్చిన వరంలా కనిపించింది. అదే ఇంజినీరు 'తరంగ సిస్టమ్స్' అని కంపెనీ పెట్టి జనానికి షేర్లు ఇస్తున్నాడని తెలిసేసరికి ఇక ఆగలేకపోయాడు.

ఆ రోజుల్లో షేర్లు లాటరీలోనే తగిలేవి. అందుకని ఇంట్లో ఎన్ని పేర్లుంటే అన్ని పేర్ల మీదా దరఖాస్తు పెట్టేవారు. త్రినాథరావు తన పేరు వేశాడు, తల్లి పేరు వేశాడు, తమ్ముళ్ళ పేర్లు వేశాడు, శ్రీకాకుళంలో ఉన్న మేనత్త పేరు కూడా వేశాడు. ఇంకా ఒక ఫారం మిగిలిపోయిందని పెళ్ళాం పేరు రాశాడు. మిగతావన్నీ తిరుగు టపాలో వచ్చేశాయి. మహేశ్వరికి తగిలింది. నూరు షేర్లు.

"నాను దేవుడికి మొక్కేనే, నువ్వేమో గుమ్మంలో కూర్చుని చింతపండు పిక్కలు తీసుకున్నావు. నీకు తగిలింది" అని త్రినాథరావు చాలా రోజులు ఆశ్చర్యపోయాడు.

పక్క వాటాలో అద్దెకుండే ఫ్రాన్సిస్ కూడా పోర్టు ఉద్యోగే. వాళ్ళింట్లోనూ అంతే, షేర్లు అతని భార్య ఫ్లోరా పేరుకే తగిలాయి. ఫ్లోరా చర్చి స్కూల్లో టీచరు. ఆ మరుసటి ఏడు సెప్టెంబరులో ఇద్దరికీ పోస్టులో చెరొక పుస్తకం వచ్చింది. ఫ్లోరా చదివి చెప్పింది.

"వాటాదార్ల మీటింగంట వదినా. పెందుర్తిలో. మనల్ని రమ్మంతన్నారు."

"మనల్నా? ఎందుకూ?"

"మన కంపెనీ కదా."

మహేశ్వరి గద్వాల చీర తీసి కట్టుకుంది. వన్ టౌన్ సందులోంచి ఆటో ఎక్కి, ఆ తర్వాత బస్సెక్కి, ఇద్దరూ పెందుర్తిలో దిగారు. ఫ్యాక్టరీ షెడ్డులోనే కుర్చీలు వేశారు. గురునాథరావు లెక్కలు చదివి, లాభం వచ్చిందని చెప్పాడు. కానీ పంచడానికి చేతిలో డబ్బు లేదన్నాడు. ప్రశ్నలుంటే అడగమన్నాడు. ఎవరూ లేవలేదు. రెండో వరసలోంచి మహేశ్వరి లేచింది. ఎలా లేచిందో తనకే తెలియదు.

"లాభం వచ్చిందంతన్నారు, డబ్బు లేదంతన్నారు. ఆ లాభం ఎక్కడుందండీ?"

"పెట్టెలు కొన్నవాళ్ళు ఇంకా డబ్బు ఇవ్వలేదమ్మా. అరువు."

"అరువు పెట్టింది వచ్చినప్పుడు కదండీ లాభం. అప్పుడే సెప్పీడమేటి?"

షెడ్డంతా గొల్లుమంది. అందరికంటే ఎక్కువ నవ్వింది గురునాథరావే. "మీ పేరేమిటమ్మా?" అని అడిగాడు.

"పోర్టులో త్రినాథరావు గారనీ..." అని మొదలుపెట్టి ఆగింది. "మహేశ్వరి అండి."

మరుసటి ఏడు సభ మొదలుకాకముందే ఆయన కళ్ళజోడు సవరించుకుని రెండో వరసకేసి చూశాడు. "మహేశ్వరి గారు వచ్చారా? అయితే మొదలెడదాం" అన్నాడు.

అప్పట్నుంచీ సెప్టెంబరు వస్తోందంటే మహేశ్వరికి పండగ ముందు హడావుడే. ఫ్లోరా పుస్తకం చదివి చెప్పడం, ఆమె వంట చేస్తూ ఆలోచించడం, ఏం అడగాలో ఇద్దరూ వాదించుకోవడం. మీటింగులో లడ్డూ, కారప్పూస, కాఫీ ఇచ్చేవారు. ఒక ఏడు కంపెనీ పేరు చెక్కిన స్టీలు టిఫిను బాక్సు ఇచ్చారు. త్రినాథరావు ఇప్పటికీ డ్యూటీకి అందులోనే అన్నం పట్టుకెళతాడు. తిరుగు ప్రయాణంలో సింహాచలం దగ్గర దిగేవారు. మహేశ్వరి కొండెక్కి అప్పన్నని చూసి వచ్చేదాకా ఫ్లోరా కింద అనాసపళ్ళ కొట్టు దగ్గర కూర్చుని, ఉప్పూ కారం అద్దిన ముక్కలు తింటూ ఉండేది. త్రినాథరావు ఒక్కసారీ ఆ మీటింగుకి వెళ్ళలేదు. "ఆడోళ్ళ పిక్నిక్కు" అనేవాడు.

ఇప్పుడు రెండు వేల అయిదు. బిందె ఇంట్లోకి చేరాక త్రినాథరావు పీట వేసుకుని కూర్చుని సంగతి చెప్పాడు.

"గురునాథరావు గారి సేతిలో నూటికి అరవై రెండు వాటాలున్నాయి. మిగతావి మనలాంటోళ్ళవి. ఇప్పుడా మిగతావి కూడా కొనీసి, కంపెనీని మార్కెట్లోంచి తీసీస్తాడంట. మొత్తం తొంభై పోగుపడితే సాలంట."

"దానికి షేరు పెరగడమేటి?"

"హార్బర్లో రొయ్యలన్నీ ఒకడే కొనీస్తాడని పుకారు పుడితే రేటు ఏటవుద్ది? అదే ఇది. ఆయనకి మన షేర్లు కావాలి. కావాలన్నోడు పైకి ఎల్తాడు కదా. కనీసం నలభై రెండిస్తానన్నాడు. ఆపైన ఎంతకిస్తామో ఎవలకి వాళ్ళు రాసివ్వాలి. ఎక్కువ షేర్లు ఏ రేటు కాడ పడితే అందరికీ అదే రేటు. అది ఆయనకి నచ్చితే కొంటాడు, నచ్చకపోతే మానీస్తాడు."

"అన్నీ కొనీసేక మీటింగో?"

"మీటింగేటి? బయట వాటాదార్లే లేకపోతే మీటింగు ఎవలకి?" అని త్రినాథరావు టీ గ్లాసు అందుకున్నాడు. "నాను మోటారు సైకిలు సూసుకున్నాను మహేసూ. ఎర్రది. నువ్వు సంతకం పెట్టీ, సాలు."

మహేశ్వరి పొయ్యి మీద పాలు చూడటానికన్నట్టు లేచి వెళ్ళిపోయింది. పాలు పొంగడానికి ఇంకా చాలాసేపుంది.

షేర్లు తన పేరునే ఉన్నా డబ్బు అతనిది. మూడు నెలల ఓవర్‌టైము డబ్బు పెట్టి వేశాడు. మోటారు సైకిలు మీద అతనికి ఎంత మనసో ఆమెకి తెలుసు. పాత స్కూటరు రోజూ కాన్వెంట్ జంక్షన్ దగ్గర ఆగిపోతుంది. అమ్మనని మొహం మీద ఎలా అంటుంది? మీటింగు కోసం షేరు అట్టిపెట్టుకుంటానంటే నవ్వడా? కానీ ఏడాదికోసారి ఆ షెడ్డులో కళ్ళజోడు సవరించుకుని "మహేశ్వరి గారు వచ్చారా?" అనే మాట ఇక వినపడదు కదా.

మర్నాడు పొద్దున్న ఫ్లోరాతో వరండాలో ఆ మాటే చెబుతోంది. అప్పుడే తవిటమ్మ చేపల గంప దించింది. తవిటమ్మ హార్బరు నుంచి ఆ సందులోకి ఇరవై ఏళ్ళుగా వస్తున్న మనిషి. గంపలో కానాగంతలు, కింద ఒక మూలగా నిగనిగలాడే వంజరం ఒకటి.

"ఆ వంజరం ఎంతే?" అంది ఫ్లోరా.

"ఆరొందలమ్మా."

"ఓలమ్మో! బంగారపు పూత ఏసేవేటి దానికి? నిన్న నూటేభైకి ఇచ్చేవు!"

తవిటమ్మ కిసుక్కున నవ్వింది. "అది మా ఇంటిది తల్లీ. మాయన పులుసెట్టమన్నాడు. దాని జోలికెల్లకండి."

"అయితే అమ్మనని సెప్పీవొచ్చు కదే."

"గంపెత్తుకున్నోళ్ళం, బోణీ కాడ 'అమ్మను' అన్న మాట అనకూడదమ్మా. గంగమ్మ తల్లికి కోపమొస్తాది. అంచేత రేటు సెప్తాం. ఎవలూ ఇవ్వలేని రేటు. అడిగినోళ్ళే నోరెల్లబెట్టుకుని పోతారు."

మహేశ్వరి చేతిలో కానాగంత అలాగే ఉండిపోయింది. ఫ్లోరా ఆమె మొహంలోకి చూసింది. ఇద్దరూ ఒక్కసారే నవ్వడం మొదలుపెట్టారు. తవిటమ్మకి ఏమీ అర్థం కాక గంప సర్దుకుంది.

ఆ సాయంత్రం త్రినాథరావు ఫారం తెచ్చి ఆమె ముందు పెట్టాడు. "ఎంత రాయమంటావు? ఎనభై రాద్దామా?"

"రెండొందలు."

"ఎంతా?"

"రెండొందలు. అంతకి తక్కువైతే ఇవ్వను." నవ్వు ఆపుకోడానికి పెదవి బిగపట్టింది.

త్రినాథరావు ఆ బిగపట్టిన పెదవి చూసి గొంతు తగ్గించాడు. "నీకేటైనా తెల్సా? మీటింగులో గురునాథరావు గారు ఏటైనా అన్నాడేటి?"

"నాకేటీ తెలీదు."

"సరే, సరే. సెప్పకు. నాకర్థమైంది." అతను రెండొందలని రాసి సంతకం చేయించుకుని, ద్వారకానగర్లో బ్రోకరు ఆఫీసుకి పరుగెత్తాడు.

అక్కడ ఊరుకున్నాడా? వరసలో నిలబడ్డవాళ్ళందరికీ చెప్పాడు. "మా ఆవిడ రెండొందలకి పైసా తగ్గనంది." మహేశ్వరి ఎవరో ఆ వరసలో తెలియనివాళ్ళు లేరు. ఏటేటా ఛైర్మన్ని లేచి నిలదీసే మనిషి. లోపలి సంగతి తెలియకుండా ఆవిడ అంత మాటంటుందా? ఎనభై అని రాసినవాళ్ళు కొట్టేసి రెండొందలు రాశారు. ఆ మాట పోర్టు గేటు దాటింది. స్టీలు ప్లాంటు షిఫ్టు బస్సుల్లోకి ఎక్కింది. రెండో రోజుకి కుళాయి దగ్గర మహేశ్వరికే ఎవరో చెప్పారు: "అక్కా, నువ్వేటి రాసేవో గానీ, రెండొందలకి తక్కువ రాయొద్దంట. పెద్దోళ్ళు సెప్పేరంట."

మహేశ్వరి బిందె వదిలేసి ఫ్లోరా ఇంట్లోకి పరుగెత్తింది. "నువ్వెంత రాసేవు?"

"రెండొందలే. నువ్వు లేకపోతే నాకూ మీటింగొద్దు కదా వదినా."

"ఊరంతా అదే రాసీసింది!"

ఫ్లోరా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ తర్వాత మంచం మీద కూలబడి కళ్ళమ్మట నీళ్ళొచ్చేదాకా నవ్వింది. "ఇంటికి దాసుకున్న వంజరానికి సెప్పిన రేటు వదినా అది! ఊరు ఊరంతా..."

"నవ్వకే తల్లీ! ఎక్కువమంది ఏ రేటు రాస్తే అదే రేటంట. ఇప్పుడా పెద్దమనిషి రెండొందలకీ సరే అంటే? నాది కూడా పోద్ది!"

ఫ్లోరా నవ్వు అక్కడితో ఆగిపోయింది.

పేపర్లో పడింది. అమ్మడానికి వచ్చిన షేర్లలో ఎక్కువ భాగం రెండు వందల దగ్గరే ఉన్నాయనీ, ఒప్పుకునేదీ లేనిదీ గురునాథరావు త్వరలో చెబుతాడనీ. బజార్లో షేరు తొంభై ఆరుకి ఎగిరింది. సందులో ఎవరి కాళ్ళూ నేల మీద ఆనలేదు. వినాయక చవితి కమిటీవాళ్ళు చందాలు రెట్టింపు రాయించి నిరుటి కంటే మూరెడు ఎత్తు విగ్రహానికి బయానా ఇచ్చేశారు. త్రినాథరావు మోటారు సైకిలు షోరూముకి రెండుసార్లు వెళ్ళి సీటు మీద కూర్చుని వచ్చాడు. మహేశ్వరి మాత్రం కూరల్లో ఉప్పు రెండుసార్లు వేసింది. ఆయన సరే అంటే మీటింగు పోతుంది. కాదంటే సందు ఊరుకోదు. ఏది కోరుకోవాలో తెలియక అప్పన్నకి మొక్కడం కూడా మానేసింది.

చవితి పందిరికి రాటలు పాతుతున్న రోజున కబురొచ్చింది. గురునాథరావు వద్దన్నాడు. రెండు వందలకి కొనలేను, కంపెనీ మార్కెట్లోనే ఉంటుంది, వాటాలు ఎవరివి వాళ్ళవే అన్నాడు.

తొంభై ఆరు ఎనభై అయింది, డెబ్బై అయింది, యాభై నాలుగు దగ్గర ఆగింది. మహేశ్వరికి సందులో కొత్త పేరు పుట్టింది. "రెండొందలక్కా, బిందె జరుపు." పందిట్లో మూరెడు పొడుగెక్కువ వచ్చిన విగ్రహాన్ని కూడా పిల్లా పెద్దా 'రెండొందల వినాయకుడు' అనేవారు. హారతి ఇచ్చేటప్పుడు పంతులుగారు కూడా నవ్వేశారు. మహేశ్వరి తల ఎత్తుకుని అందరి ముందే ప్రసాదం పట్టింది. ఫ్లోరా పక్కన నిలబడి కొబ్బరి ముక్కలు పంచిపెట్టింది.

త్రినాథరావు మాత్రం మూడు రోజులు షోరూము వైపే వెళ్ళలేదు. నాలుగో రోజు టిఫిను బాక్సు మూత పెడుతూ అన్నాడు. "ఈయేడు మీటింగుకి నానూ వొస్తాను. సెలవు పెట్టీసేను. ఆ పెద్దమనిషిని అడగాలి."

మహేశ్వరి గబుక్కున అడ్డం వచ్చింది. "ఏటడుగుతారు?"

"అది నానూ ఆయనా సూసుకుంటాం."

ఆ ఏడు పెందుర్తి షెడ్డులో కుర్చీలు చాలలేదు. వన్ టౌన్ నుంచీ స్టీలు ప్లాంటు కాలనీల నుంచీ జనం వచ్చేశారు. గుమ్మం దగ్గర బల్ల వేసుకుని ఒకమ్మాయి వాటాదార్ల హాజరు స్లిప్పులు తీసుకుంటోంది. మహేశ్వరి ఇచ్చింది, ఫ్లోరా ఇచ్చింది.

"సార్, మీ స్లిప్పు?"

"నాది లేదు. నాను..." త్రినాథరావు చుట్టూ చూశాడు. వెనక చాలా పెద్ద వరసుంది. "నాను మహేశ్వరి గారి భర్తనండి."

"ఓ, మహేశ్వరి గారా! వెళ్ళండి సార్. కాకపోతే వాటాదార్లే మాట్లాడాలి, మీరు మాట్లాడకూడదండీ."

ఫ్లోరా మొహం పక్కకి తిప్పుకుంది. త్రినాథరావు ఎర్రగా అయిపోయి రెండో వరసలో భార్య పక్కన కూర్చున్నాడు. గురునాథరావు వచ్చాడు. ఇప్పుడు జుట్టు నెరిసింది. కళ్ళజోడు సవరించుకున్నాడు.

"మహేశ్వరి గారు వచ్చారా? అయితే మొదలెడదాం."

త్రినాథరావు ఉలిక్కిపడి భార్యకేసి చూశాడు. ఆవిడ కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది. ఇంట్లో ఎప్పుడూ అలా కూర్చోగా చూడలేదు.

ప్రశ్నల వేళయింది. అతను మోచేత్తో పొడిచాడు. "అడుగు. ఎందుకు కొనలేదో అడుగు."

మహేశ్వరి లేచింది. "మీరు నలభై రెండన్నారు. మేం రెండొందలన్నాం. మజ్జెన ఒక మాట సెప్పి బేరం ఆడొచ్చు కదండీ?"

షెడ్డు నవ్వింది. గురునాథరావు చేతులు జోడించాడు. "నాకూ ఆడాలనే ఉందండి. రూలు ఒప్పుకోదు. మీరొక్క మాట, నేనొక్క మాట. అంతే. నా మనసులో ఎనభై అయిదు ఉంది. కానీ ఒక్క సంగతి నాకు అర్థం కాలేదు. విశాఖపట్నంలో ఇంతమంది ఒకే అంకె ఎలా రాశారండీ? కంపెనీ పెట్టినవాణ్ణి నేను. అందులో నూటికి అరవై రెండు వాటాలు నావి. నాకే తెలియని విలువ మీకెవరు చెప్పారు?"

సందు వాళ్ళందరి తలలూ రెండో వరస వైపు తిరిగాయి. మహేశ్వరి కూర్చోలేదు.

"నానే సెప్పేనండి. విలువేటో నాకు తెలీదు. నాకు అమ్మడం ఇష్టం లేదు. అమ్మనని మా ఆయనతో అనలేక, ఎవలూ ఇవ్వలేని రేటు సెప్పేను. ఆయనేదో గొప్ప సంగతనుకుని అందరికీ సెప్పీసేరు."

"ఇష్టం ఎందుకు లేదండీ? లాభమే కదా."

"అమ్మీస్తే ఈ మీటింగుకి నన్నెవలు పిలుస్తారండీ?"

 వెనక వరసలోంచి ఎవరో, "ఓలి నాయనో, ఇదా రెండొందల సంగతి!" అని గట్టిగా అన్నారు. షెడ్డు పగిలేలా నవ్వులు. చప్పట్లు కూడా మొదలయ్యాయి. ఎవరు మొదలెట్టారా అని ఫ్లోరా చూసింది. త్రినాథరావు. అతను లేచి నిలబడి కొడుతున్నాడు. గుమ్మం దగ్గర అమ్మాయి మాట్లాడకూడదని మాత్రమే చెప్పింది, చప్పట్లు కొట్టొద్దనలేదు.

గురునాథరావు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "సరే మహేశ్వరి గారూ. రెండొందలని మీరు రాసిచ్చారు. ఇక మీ కంపెనీని రెండొందలకి తెచ్చే పని నాది. ఈయేడు అరువులన్నీ వసూలయ్యాయి. మొదటిసారి డివిడెండు ఇస్తున్నాం. లాభం ఎక్కడుందని మీరు తొమ్మిదేళ్ళ కిందట అడిగారు. ఇదిగో, ఇక్కడుంది."

లడ్డూల పొట్లాలు పట్టుకుని బయటికొచ్చాక సందు వాళ్ళు మహేశ్వరి చుట్టూ మూగారు. "రెండొందలక్కా, ముందే సెప్తే అయిదొందలు రాద్దుం కదా!" అని ఒకడు. ముప్పై ఎనిమిది ఉన్న షేరు యాభై నాలుగు దగ్గరుంది, డివిడెండు వస్తోంది, ఎవరికీ ఏడవడానికి కారణం దొరకలేదు.

సింహాచలం దగ్గర ఈసారి ముగ్గురూ దిగారు. త్రినాథరావు భార్యతో కొండెక్కాడు. దిగి వచ్చేసరికి ఫ్లోరా అనాస ముక్కలు ఆకులో పెట్టుకుని ఎదురుచూస్తోంది.

"సెల్లెమ్మా, నాను కూడా ఒక పది షేర్లు కొనీద్దునేటి? బజార్లో. నా పేరు మీద."

"మోటారు సైకిలో అన్నయ్యా?"

"అది ఎక్కడికి పోద్ది? పది షేర్లకి అదేటి ఆగిపోదు." ముక్కని కారంలో అద్దుకుని నోట్లో వేసుకున్నాడు. "వొచ్చేయేడు నానూ లేచి అడగాలి."

"ఏటడుగుతారు?" అంది మహేశ్వరి.

త్రినాథరావు జేబులోంచి లడ్డూ పొట్లం తీసి, విప్పి, వేలితో అటూ ఇటూ తిప్పి చూపించాడు.

"కంపెనీకి ఇంత లాభమొచ్చింది కదా, ఇందులో జీడిపప్పు ఏదీ అని."